సవల మెడ

మాదాపూర్‌లో మా ఆఫీసు వెనక సందులో ఒక నాటుకోడి కొట్టుంది. ఆదివారం జనమంతా అక్కడ మాంసం కోసం నిలబడితే నేను మెడ కోసం నిలబడతాను. ‘పుంజు మెడ తోలు పడెయ్యకన్నా, ఈకలతోనే నాకియ్యి’ అని అడిగిన మొదటిరోజు కొట్టతను నన్ను అదోలా చూశాడు. చేతబడి అనుకున్నాడేమో.

నాది గాలానికి ఈక చుట్టి, చేప కంటికి పురుగులా కనిపించేట్టు చేసే పని. దొరలు ట్రౌట్ చేప కోసం పెంచుకున్న పిచ్చిని నేను చెరువులో జిలేబీ చేపల మీద తీర్చుకుంటున్నాను.

నీటిమీద తేలే పురుగుకి పుంజు మెడ ఈకే కావాలి. కొన పట్టుకుని పీచుల్ని వెనక్కి దువ్వితే ముళ్లలా నిక్కాలి. పెదవికి ఆనిస్తే గుచ్చుకోవాలి. మెత్తగా తగిలిందా, నీళ్లు పీల్చి మునిగిపోతుంది. మొదట్లో దూదిలా ఉండే భాగం ఎంత తక్కువైతే అంత మంచిది. ఇక కాడ: చుట్టేటప్పుడు విరక్కూడదు, మెలిపడకూడదు. నేను ఎక్కువ ఈకలు పారేసేది కాడ దగ్గరే.

బ్రాయిలర్ ఈక ఇందుకు పనికిరాదు. ఆరేడు వారాలకే కత్తికింద పడే కోడికి మెడ ఈక ముదిరేదెప్పుడు? ఏడాది దాటిన పుంజు కావాలి. కొలరాడోలో వైటింగ్ ఫార్మ్స్ వాళ్లు ఈకల కోసమనే పుంజుల్ని తరాలుగా ఏరి పెంచారు. వాటి నడుము ఈక ఒక్కటుంటే నాలుగైదు పురుగులు కట్టొచ్చు. నా నాటుపుంజు ఈక ఒక్కదానికే సరి.

రంగుల పేర్లలో మాత్రం మనమే ఘనులం. వాళ్లు గ్రిజ్లీ, బ్రౌన్ అని ఊరుకుంటారు. మన పందెగాళ్లు మెడ నల్లగా ఉంటే సవల, నలుపూ తెలుపూ కలిస్తే పర్ల, ఒళ్లంతా ఎర్రనైతే డేగ అంటారు. భీమవరం నుంచి వచ్చిన మా సహోద్యోగి నా డబ్బా తెరిచి, ‘సవలని గాలానికి కట్టేశావా!’ అని నిజంగానే బాధపడ్డాడు.

అసలు అందమంతా మన అడవికోడి మెడలో ఉంది. ఈక చివర లక్క బొట్టు పెట్టినట్టుంటుంది. సాల్మన్ గాలాల కోసం ఒకప్పుడు ఆ మెడలు ఓడలెక్కి విదేశాలకు పోయేవి. 1972 వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి నేను ఫొటో చూసి సరిపెట్టుకుంటాను.

తెచ్చిన మెడని సబ్బునీళ్లలో కడిగి, ఆరబెట్టి, కవర్లో కట్టి డీప్‌ఫ్రీజర్‌లో పెట్టాలి, లేకపోతే చిమటలు తినేస్తాయి. మొన్న బఠాణీలనుకుని మా ఆవిడ ఆ కవరు విప్పింది. ఇప్పుడు కింది అరలో నాకో మూల కేటాయించి, పైన మార్కర్‌తో ‘కోడి’ అని రాసి పెట్టింది.