మందు పెట్టిన పుల్ల ఐసు

"మందు పెట్టినారు" అనే మాట విననివాళ్లు మా నంద్యాల వైపు వుండరు. పెళ్లయిన ఆరు నెలలకే కొడుకు వేరుకాపురం అన్నాడనుకోండి, అత్తగారు పక్కింటావిడ చెవిలో "కోడలు ఏదో మందు పెట్టింది లేమ్మా, లేకుంటే నా బిడ్డ ఇట్లా మాట్లాడేవాడా?" అంటుంది. తినేవాడికి తెలియకుండా తినే దాంట్లో ఏదో కలపడమన్న మాట. నా నవలల్లో ఈ ముక్క రెండు మూడు చోట్ల వాడుకొన్నాను. నమ్మి కాదు, పాత్ర నోట్లో బాగుంటుందని. మొన్న వేసవిలో ఆళ్లగడ్డ వెళ్లి వచ్చాక మాత్రం నాకు నమ్మకం కుదిరింది. మందు పెట్టడం నిజంగానే వుంది. కాకపోతే ఇప్పుడు దాన్ని ఫ్రిజ్జులో గడ్డకట్టించి, పుల్ల గుచ్చి, పుదీనా ఆకు అంటించి పెడుతున్నారు.

మా ఆడబిడ్డ వాళ్లది ఆళ్లగడ్డ. పెళ్లయి 25 ఏళ్లయిన సందర్భమని మేడమీద రంగు దీపాలు కట్టించి పిలుపులు చేశారు. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా గంట ప్రయాణమే గానీ, మే నెల ఎండలో ఆ గంట ఎట్లా గడిచిందో అడక్కండి. ఇంట్లో అడుగు పెట్టగానే ఆడబిడ్డ కూతురు ఎదురొచ్చింది. బెంగళూరులో వుద్యోగం చేస్తున్న పిల్ల. చేతిలో నున్నటి కాగితాల ఇంగ్లీషు పుస్తకం, పార్టీ వంటలది.

"అత్తా, నువ్వు పుస్తకాలు రాస్తావు కదా, ఈ పుస్తకం ఎట్లా వుందో చెప్పు" అంది.

ఆ పిల్ల అడిగిన దానికి జవాబే ఈ వ్యాసం. కాస్త ఆలస్యమైంది.

ముందు మంచే చెబుతాను. బొమ్మలు చూస్తే కళ్లు చల్లబడతాయి. త్రికోణాలుగా కోసి పుల్లలు గుచ్చిన పుచ్చకాయ ముక్కలు, వైనులో నానబెట్టి గోలీకాయల్లా గడ్డకట్టించిన ద్రాక్షపళ్లు, రమ్ము, కొబ్బరిపాలు, అనాస రసం కలిపిన తెల్లటి పుల్ల ఐసు. ఆ చివరిదాని పేరు పినా కొలాడా. పేరు వినగానే ఏదో రాణిగారి పేరనుకొన్నాను. తీరా చూస్తే స్పానిష్ భాషలో దాని అర్థం వడగట్టిన అనాసపండు, అంతే! మన వాళ్లు కొబ్బరిపాలు పిండి వడగడితే ఎవరూ అంత పేరు పెట్టలేదు.

కొలతల దగ్గర కూడా పుస్తకం నిజాయితీగానే వుంది. మన ఇళ్లలో ఫ్రీజరు సున్నాకి 18 డిగ్రీల కింద వుంటుంది. నీళ్లు సున్నా దగ్గరే గడ్డకడతాయి గానీ, స్వచ్ఛమైన ఆల్కహాలు గడ్డకట్టాలంటే సున్నాకి 114 డిగ్రీల కిందకు పోవాలి. అందుకే సీసాలో మందు ఎన్నాళ్లు ఫ్రీజరులో పెట్టినా నీళ్లలాగే వుంటుంది, ఉత్సాహం కొద్దీ ఎక్కువ పోస్తే ఐసు కాదు, ముద్దగా మిగులుతుంది. నాలుగు వంతుల పండ్లరసానికి ఒక వంతు పొయ్యమంటుంది పుస్తకం. లెక్క వేసి చూశాను. నూటికి 40 పాళ్ల ఘాటున్న మందు అట్లా కలిస్తే ఐసులో 8 పాళ్లు వుంటుంది. మామూలు బీరులో 5 పాళ్లే కదా! చూడటానికి చిన్నపిల్లల ఐసు, లోపల బీరును మించిన సరుకు. గడ్డకట్టించినంత మాత్రాన అందులోని మత్తు ఎక్కడికీ పోదు.

ఇక నా అభ్యంతరం. పుదీనా ఆకు ఏ కోణంలో నిలబెట్టాలో ఒక పేరా రాసిన ఆ మహానుభావులు, ఇది ఎవరికి పెట్టాలి, ఎవరికి పెట్టకూడదు, పళ్లెం పక్కన ఏమని రాసి పెట్టాలి అన్నది ఒక్క వాక్యం రాయలేదు. కథలో ముఖ్యమైన పాత్రను పరిచయం చెయ్యడం మరిచిపోయిన రచయిత్రిని ఏమంటాం? వంటల పుస్తకంలో ముఖ్యమైన పాత్ర తినే మనిషి కాదూ?

ఆ సాయంత్రం జరిగింది చెబుతాను. పిల్ల తెలివితక్కువదేమీ కాదు. రెండు పళ్లేలు చేసింది. మందు వున్నవాటికి ఎర్ర పుల్లలు, లేనివాటికి మామూలు పుల్లలు. కానీ ఆ సంగతి తనకీ, తన ఇద్దరు స్నేహితురాళ్లకీ మాత్రమే తెలుసు. మేడమీద రంగు దీపాల కింద ఎర్ర పుల్లేదో తెల్ల పుల్లేదో బ్రహ్మకు కూడా తెలియదు. ఐసు కరిగిపోతుందన్న తొందరలో వడ్డించే కుర్రాడు రెండు పళ్లేలనూ ఒకే పళ్లెంలోకి సర్దేశాడు.

మొదట మా అత్తగారు తిన్నారు. ఏకాదశి వుపవాసాలు తప్పని మనిషి. "ఈ పుల్లైసు శానా బాగుందే. చల్లగా నోట్లో, వెచ్చగా కడుపులో! ఇంకొకటి తే" అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను, కారణం తెలియక.

తర్వాత మా మరిది తిన్నాడు. నాలుగేళ్ల క్రితం అతను తాగుడు మానేశాడు. ఎట్లా మానాడో, ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు దీపం ఆర్పకుండా కూర్చున్నారో నాకు తెలుసు. రెండోసారి కొరికి ఆగిపోయాడు. పుల్ల చేతిలో అట్లాగే వుంది. ఎవరినీ ఏమీ అనలేదు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. నా తోడికోడలు చేతిలో వడ్డన గిన్నె పట్టుకొని నిలబడింది. గిన్నె ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు పాపం. ఎవరో అందుకొన్నాక గబగబా కిందకు పరుగెత్తింది. నేనూ వెళ్లాను. కొళాయి దగ్గర కూర్చొని నోరు పుక్కిలిస్తూనే వున్నాడు. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. అతను నిద్రపోయాడా అని చూస్తూ కూర్చొంది.

మర్నాడు పిల్ల వెళ్లి ఏడుస్తూ క్షమించమంది. అతను కోప్పడలేదు. "సీసా నా ముందర పెట్టింటే వద్దనేవాణ్ణి తల్లీ. నాలుగేండ్ల నుంచి అదే పని కదా నాకు. వద్దనే వీలు లేకుండా చేసినావు" అన్నాడు.

ఇందులో రుచి సంగతి కూడా వుంది. నాలుక చల్లబడితే రుచులు మందగిస్తాయి. తీపి తగ్గుతుంది, వాసన లేవదు. గ్లాసులో పోస్తే గుప్పుమనే మందు ఐసులో వుంటే ముక్కుకి అందదు, నోట్లో కరిగాక గానీ తెలియదు. అంటే ఈ వంటకానికి దాపరికం పుట్టుకతోనే వచ్చిందన్న మాట. మరి చేసేవాళ్లు నోరు విప్పి చెప్పకపోతే ఎవరు చెబుతారు? పైగా పుల్ల కనిపిస్తే పిల్లలు పరుగెత్తుకొస్తారు. అసలీ పుల్ల ఐసు కనిపెట్టిందే పిల్లవాడు. 1905లో అమెరికాలో ఫ్రాంక్ ఎపర్సన్ అనే 11 ఏళ్లవాడు షర్బతు గ్లాసులో కలిపే పుల్ల వదిలేసి రాత్రంతా చలిలో బయట పెట్టాడట. తెల్లారేసరికి ఐసు తయారు! పెద్దయ్యాక, 1924లో, దానికి పేటెంటు తీసుకొన్నాడు. మన వూళ్లలోనూ అంతే. సైకిలు వెనక డబ్బా మూత టపటపలాడితే చాలు, సేమ్యా ఐసుకీ పాల ఐసుకీ వీధిలో పిల్లలంతా చేరేవాళ్లం. పుల్ల వున్న దేన్నయినా పిల్లల చేతికి అందకుండా దాచడం ఎవరి తరం?

నేను బళ్లో చదువుకొనే రోజుల్లో, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ సంగతి వుండనీండి. నేనంటున్నది ఇది: సారాకి ఒక ప్యాకెట్ వుండేది, ఒక దుకాణం వుండేది, పోయి ఎదురుగా నిలబడటానికి ఒక గుమ్మం వుండేది. అనాసముక్క ఎదుట ఏ ఆడది నిలబడి ఏమని అరుస్తుంది?

తాగేవాళ్లను తాగవద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. పెద్దవాళ్లు తెలిసి తింటే అది వాళ్ల ఇష్టం. విడిగా ఒక బల్ల వేసి, పెద్ద అక్షరాలతో తెలుగులోనే రాసి పెట్టి, తెలిసిన మనిషి ఒకరు పక్కన నిలబడితే నాకే పేచీ లేదు. కానీ ఇంకో మాట కూడా అనాలనిపిస్తోంది. బంగినపల్లి మామిడికి మన జిల్లాలోని ఊరే పేరిచ్చింది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పండు గుజ్జులో రమ్ము పోయడమంటే సంగీత కచేరీలో రికార్డు పెట్టినట్టే. దాని వాసన పోతుంది, దీని వాసన మిగలదు. పిల్లకి అదే చెప్పాను. గుజ్జులో కాస్త నిమ్మరసం పిండు, చిటికెడు వుప్పు వెయ్యి, నాలుకకి కొంచెం ఎక్కువ తీపి అనిపించేటట్టు చక్కెర కలుపు, గడ్డకట్టాక సరిపోతుంది. మరీ ఎక్కువైతే మాత్రం అదీ గట్టిపడదు సుమా. నన్నారి షర్బతు పాకమైతే ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్లు పోసి, నిమ్మకాయ పిండి, వెడల్పు గిన్నెలో గడ్డకట్టించి ఫోర్కుతో గీకి గ్లాసుల్లో నింపు. మా సీమ వేసవికి అంతకంటే ఏం కావాలి?

శ్రావణంలో నోముకి పిలిచి ఆ పిల్ల అవే చేసింది. పుచ్చకాయ ముక్కల మీద మిరియాల పొడి చల్లి పెట్టింది. మా మరిది రెండు తిన్నాడు, తినేముందు "ఏముందమ్మా ఇందులో?" అని అడిగాడు. పిల్ల వేళ్లమీద లెక్కపెట్టి చెప్పింది. మా అత్తగారు మాత్రం ఒకటి చప్పరించి పక్కన పెట్టేసి, "బాగుందిలే గానీ, ఆ పొద్దు పెట్టినావే, కడుపులో వెచ్చగా వుండే ఐసు, అది చెయ్యలేదా?" అన్నారు.