విధేయత – విడుదల: పాలమూరు నేపథ్యంలో తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని దాస్యభావన

వ్యాససంగ్రహం

క్రైస్తవ జీవితంలో విధేయతే స్వాతంత్ర్యానికీ ఆనందానికీ మార్గమన్న భావన తెలుగు క్రైస్తవ కీర్తన సాహిత్యంలో దాస్యభక్తి రూపాన్ని పొందింది. వెట్టి, భగేలా, జోగిని వంటి నిర్బంధ దాస్యాలను చవిచూసిన పాలమూరు ప్రాంతంలో ఈ భావనకు ఏ అర్థం సిద్ధిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విడుదలనిచ్చే విధేయతను అణచివేసే విధేయత నుండి వేరుచేసే ప్రమాణాలను గుర్తించడం దీని ప్రధానోద్దేశం.

కీలకపదాలు: విధేయత, దాస్యభక్తి, వెట్టి, క్రైస్తవ కీర్తన, పురుషోత్తమ చౌదరి, జాషువ, పాలమూరు.

1. ఉపోద్ఘాతం

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో మానవపాడు ఒక మండల కేంద్రం. నేడు జోగులాంబ గద్వాల జిల్లాలో భాగమైన ఈ నేలలోని గద్వాల, ఆలంపూర్ తాలూకాలు 1956 వరకు హైదరాబాదు రాజ్యంలోని రాయచూరు జిల్లాకు చెందినవి. గద్వాల, వనపర్తి సంస్థానాధీశుల సాహిత్యపోషణ ప్రసిద్ధమే. అదే నేలపై వెట్టిచాకిరీ, అప్పుకు ఒళ్ళు కుదువపెట్టే భగేలా పద్ధతి కూడా సాగాయి. భగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లో నిబంధన తెచ్చింది. వెట్టి కార్మిక వ్యవస్థను రద్దుచేస్తూ దేశమంతటికీ వర్తించే చట్టం 1976లో వచ్చింది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో మెన్నోనైట్ బ్రెదరన్ మిషన్ పనిచేసింది. ఆ సంఘాల్లో చేరినవారిలో అధికులు మాల, మాదిగ కులాల వ్యవసాయ కూలీలు. పగలు దొర ఆజ్ఞకు తలవంచిన మనిషి సాయంత్రం ప్రార్థనలో తనను తాను ప్రభువు దాసునిగా చెప్పుకొన్నాడు. ఒకే పదం రెండుచోట్లా వినిపించింది. మరి ఆ రెండో దాస్యం మొదటి దాస్యాన్ని బలపరిచిందా, బలహీనపరిచిందా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పకుండా విధేయతలోని ఆనందాన్ని ప్రశంసించడం సాహిత్య విమర్శకు తగదు.

2. విధేయత – మాట వినడం

‘విధేయత’ సంస్కృత పదం. విధించినదానికి లోబడటం దాని భావం. అర్జీల చివర కనిపించే ‘ఇట్లు, మీ విధేయుడు’ అన్న మాట దీని సామాజిక స్థానాన్ని పట్టిస్తుంది. అది కింది మెట్టుపై నిలిచినవాడు పై మెట్టువైపు చూసి చెప్పుకొనే పేరు. వ్యవహారంలో ఇదే అర్థానికి తెలుగువారు వాడేది ‘మాట వినడం’. బిడ్డ తల్లి మాట వింటుంది. ఎద్దు రైతు మాట వింటుంది. ఈ పలుకుబడిలో లోబడటం కంటే ముందు చెవి ఒగ్గడం ఉంది.

కొత్త నిబంధనలో విధేయతకు వాడిన గ్రీకు పదం ‘హుపకొయే’ కూడా వినడమనే ధాతువు నుండే పుట్టింది. హీబ్రూలోని ‘షామా’ అనే క్రియ వినడాన్నీ లోబడటాన్నీ కలిపి చెబుతుంది. ఆ విధంగా మూలభావానికి సంస్కృత సమం కంటే తెలుగు నుడికారమే దగ్గరగా ఉంది. ఈ భేదం నిఘంటువుకే పరిమితమైనది కాదు. వినడానికి పిలిచే గొంతు ఒకటి ఉండాలి. ఆ గొంతు వినేవానిని మనిషిగా గుర్తించి పలకాలి. వెట్టిలో పిలుపు ఉంది గాని గుర్తింపు లేదు. అక్కడ ఎవరు వెళ్ళినా పని జరిగితే చాలు.

3. కీర్తనల్లో దాస్యం

పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగు క్రైస్తవ కీర్తనకారుల్లో అగ్రగణ్యుడు. పల్లవి, చరణాలతో రాగతాళబద్ధంగా సాగే కీర్తన ప్రక్రియను ఆయన క్రైస్తవ భక్తికి అనువుగా మలిచాడు. ఆ ప్రక్రియతోపాటే దాస్యభక్తి పరిభాష కూడా క్రైస్తవ ఆరాధనలోకి వచ్చింది.

ఆ పరిభాషకు తెలుగులో దీర్ఘ చరిత్ర ఉంది. శ్రీవైష్ణవంలో భగవంతునికి శేషభూతుడై ఉండటమే జీవుని స్వరూపం; ఆ దాస్యం అవమానం కాదు, స్వస్థితి. కంచర్ల గోపన్న ‘రామదాసు’ అయ్యాడు. భద్రాచల రాముని ఆలయానికి సర్కారు సొమ్ము వెచ్చించి, గోల్కొండలో చెరసాల పాలయ్యాడని సంప్రదాయం చెబుతుంది. అంటే దైవదాస్యం రాజదాస్యంతో ఘర్షణ పడగలదన్న ఎరుక తెలుగు భక్తి సంప్రదాయంలో ముందే ఉంది.

అయితే ఒక వ్యత్యాసాన్ని విస్మరించరాదు. వేదాధ్యయనం గల కులంలో పుట్టిన కవి ‘నేను దాసుడను’ అంటే అది అహంకార త్యాగం. తరతరాలుగా దాసునిగానే పిలువబడినవాడు అదే మాట పాడితే అతడు త్యజించేదేమిటి? కవికి అది దిగిరావడం. గాయకునికి కొత్తగా దిగడానికి మెట్టు లేదు. కాబట్టి పాడేవారిని బట్టి కీర్తనార్థం మారుతుంది. కూలివాని నోట ఆ మాటకు ఒకే సార్థకత ఉంది: తాను ఒక్క ప్రభువుకే దాసుడు గనుక మరెవరికీ కాడు. రోమీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు చేసిన తర్కం కూడా ఇటువంటిదే. మనిషి దేనికి లోబడితే దానికి దాసుడవుతాడు గనుక యజమాని మార్పే విడుదల.

4. విడుదలనిచ్చే విధేయతకు ప్రమాణాలు

ఈ తర్కం నిలవాలంటే కొత్త యజమాని పాత దొరకు మారుపేరు కారాదు. బైబిల్ కథనంలోనే దీనికి మూడు ప్రమాణాలు లభిస్తాయి.

మొదటిది క్రమం. నిర్గమకాండంలో పది ఆజ్ఞలు ఐగుప్తు దాస్యం నుండి విడిపించిన సంగతిని గుర్తుచేస్తూ ఆరంభమవుతాయి. విడుదల ముందు, ఆజ్ఞ తరువాత. భగేలాలో ఈ క్రమం తలకిందులవుతుంది: పని చేస్తూ పోతే ఎప్పటికో అప్పు తీరుతుందన్న ఆశ మాత్రమే అక్కడ మిగులుతుంది.

రెండవది ఆదర్శం. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం ప్రకారం క్రీస్తు స్వయంగా దాసుని రూపం ధరించి, మరణం వరకు విధేయుడయ్యాడు. ఏ దొరా తాను వెట్టి చేసి చూపి, ఆ తరువాత వెట్టికి పిలవలేదు. పౌలు చెరలో ఉండి రాసిన ఈ చిన్న పత్రికలోనే ఆనంద ప్రస్తావన పదేపదే రావడం గమనార్హం. ఆ ఆనందం పరిస్థితి బాగుపడినందువల్ల కలిగింది కాదు. తనకంటే ముందు ఆ దారిన నడిచినవాని తోడువల్ల కలిగింది. మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలోని కాడి ఉపమానం నడిగడ్డ సేద్యగానికి వ్యాఖ్యానం అక్కరలేకుండానే అర్థమవుతుంది. కాడి ఒక్క ఎద్దుకు కట్టేది కాదు. జతలో రెండో మెడ ఉన్నప్పుడే బరువు తేలికవుతుంది.

మూడవది సమ్మతి. పదహారో శతాబ్ది అనాబాప్టిస్టు ఉద్యమం నుండి వచ్చిన మెన్నోనైట్ సంప్రదాయం శిశు బాప్తిస్మాన్ని నిరాకరించింది. తెలిసి, ఒప్పుకొని నీటిలో దిగాలి. పుట్టుకతోనే పని నిర్ణయమైపోయే కులవ్యవస్థలో ‘నీకు ఇష్టమేనా?’ అని ఒక మనిషిని నలుగురిలో అడగడమే ఒక విలువైన సంఘటన.

ఈ మూడో ప్రమాణం జోగిని ఆచారాన్ని విమర్శించడానికి అత్యవసరం. అక్కడ కూడా దైవసేవ అన్న పేరే ఉంది. కాని బాలికను అడిగినవారు లేరు. ఆమె దాస్యఫలం అనుభవించింది దేవత కాదు, ఊరి పెత్తందారులు. 1988 నాటి రాష్ట్ర చట్టం ఆ అర్పణను నిషేధించింది. దైవం పేరు చేరినంత మాత్రాన దాస్యం విడుదల కాజాలదని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

5. జాషువ ప్రతిస్వరం

ఈ చర్చను జాషువ మరో దిశకు తిప్పుతాడు. ‘గబ్బిలం’ (1941)లో గుడిలోకి ప్రవేశం లేని కథానాయకుడు, ప్రవేశమున్న గబ్బిలంతో కాశీ విశ్వనాథునికి తన గోడు పంపుకొంటాడు. అది విధేయత కాదు, ఫిర్యాదు. అయితే వినే దైవం ఉన్నాడన్న నమ్మకం లేనిదే ఫిర్యాదు పుట్టదు. ‘మాట వినడం’ ఇక్కడ ఎదురు దిశలో సాగుతుంది: ఈసారి వినవలసింది దైవం. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కవి ఈ ప్రశ్న వేయడం యాదృచ్ఛికం కాదు. కీర్తనల గ్రంథంలోనూ స్తుతి పక్కనే మొర ఉంది. మొరపెట్టుకొనే హక్కు లేని విధేయత వెట్టి అవుతుంది. భర్తకు, కాపరికి, పెద్దలకు లోబడమని మాత్రమే బోధించి, లోబడినవారి మొరకు చోటివ్వని ప్రసంగానికీ ఇదే కొలమానం.

6. ముగింపు

తెలుగు క్రైస్తవ కీర్తనల్లోని దాస్యభావనను కేవలం లొంగుబాటుగా కొట్టివేయడం గాని, కేవలం ఆధ్యాత్మిక స్వేచ్ఛగా కీర్తించడం గాని అసమగ్రం. క్రమం, ఆదర్శం, సమ్మతి అనే మూడింటికి మొర వినే గుణం తోడైనప్పుడు విధేయత మనిషి నడుమును నిటారుగా నిలుపుతుంది. అవి లోపిస్తే అదే పదం పాత కాడికి కొత్త రంగు అవుతుంది. కీర్తన అర్థం గ్రంథంలోనే ముగియదు. దానిని పాడే గొంతులో, పాడి ఇంటికి వెళ్ళే దారిలో పూర్తవుతుంది. మానవపాడు వంటి పల్లెల్లో ఈ కీర్తనలను పాడుతున్నవారి వ్యాఖ్యానాలను సేకరించి, ముద్రిత పాఠంతో సరిపోల్చే క్షేత్ర పరిశోధన జరగవలసి ఉంది.