రేవు దాటించేవాడికి సముద్రమెందుకు?

శ్రీ సిటీలో తయారైన మెట్రో బోగీలు సిడ్నీలో తిరుగుతున్నాయి. తడ దగ్గర హైవే ఎక్కే కంటైనర్ వెనుక లారీ డ్రైవర్ వరకు గుర్తుంటాడు గానీ, ఓడను రేవు దాటించే పైలట్ ఎవరికీ గుర్తురాడు (పైలట్ అనగానే మనం ఆకాశంలోకి చూస్తాం). మన పెద్ద రేవుల్లో ట్రైనీ పైలట్‌గా చేరాలంటే సాధారణంగా విదేశీయాన ఓడల మాస్టర్ టికెట్ (కెప్టెన్ అర్హత పత్రం) అడుగుతారు. ఇంటర్ ఎంపీసీ, ఐఎంయూ సెట్ ప్రవేశ పరీక్ష, డెక్ కేడెట్, సెకండ్ మేట్, చీఫ్ మేట్, ఆ తర్వాత మాస్టర్: చాలా ఏళ్ల ప్రయాణం. రంగులు పోల్చుకోలేని కన్నుకు మొదటి మెట్టు దగ్గరే దారి మూసుకుపోతుంది. గంటో రెండు గంటలో సాగే పనికి ఇంత తతంగమా అంటే, అవసరమే అంటాను. పైలట్ తాడునిచ్చెన పట్టుకుని ఎక్కేది అంతకుముందు ఎన్నడూ చూడని ఓడ కావచ్చు. వేగం తగ్గేకొద్దీ చుక్కాని పట్టు సడలుతుంది. లోతు తక్కువ చానల్లో వేగం పెంచితే ఓడ ఇంకా కిందికి దిగుతుంది. ఏ ఓడ ఎంత మొండిదో నిమిషాల్లో పసిగట్టడం ఎన్నో ఓడల మీద డ్యూటీ చేసినవాడికే సాధ్యం.

పులికాట్ జాలరికి ఇక్కడి నీళ్లు ఏ కెప్టెన్‌కంటే బాగా తెలుసు కదా అంటారు. నిజమే, ఆ జ్ఞానం తక్కువదేమీ కాదు. కానీ పడవ అలవాటు మూడు వందల మీటర్ల ఓడకు చాలదు. అలాగని టికెట్టూ చాలదు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి విశాఖ లోపలి హార్బర్‌కు పోయే ఇరుకు చానల్‌ను ఏ సర్టిఫికెట్టూ నేర్పదు. అందుకే చేరాక సీనియర్ల వెంట తిరగాలి. ఆటుపోట్లు, లోతులు, బోయాలు, దీపాల మీద పరీక్ష నెగ్గాలి.

బలమైన అభ్యంతరం హుగ్లీ నది నుంచి వస్తుంది. ఒకప్పటి బెంగాల్ పైలట్ సర్వీసు మాస్టర్ టికెట్ లేని కుర్రాళ్లను లోతు కొలిచే అప్రెంటిస్‌లుగా తీసుకునేది. అయితే వాళ్లు ఇసుక మేటలు కదిలే ఆ పొడవాటి నదిలోనే ఏళ్లు అరగదీశారు. సముద్రం మీద గడపాల్సిన కాలాన్ని నది మీద గడిపారు, అంతే. చానల్ పొట్టిదైన చెన్నై, కృష్ణపట్నం లాంటి రేవుల్లో అంత నేర్చుకునే వీలుండదు. అనుభవం బయటినుంచే తెచ్చుకోవాలి. ఇక సిమ్యులేటర్ అంటారా, అక్కడ తప్పు చేస్తే మళ్లీ మొదలుపెట్టొచ్చు. టగ్గు తాడు తెగిన ఓడ మీద ఆ వీలుండదు.