గొంతు ఇచ్చి, పక్కకు తప్పుకుని

రేడియోలో వార్తలు చదవడానికి స్టూడియోలోకి వెళ్లే ముందు నా చేతిలో పెన్సిల్ ఉంటుంది. ఊపిరి తీసుకోవాల్సిన చోట అడ్డగీత పెడతాను. నోరు తిరగని ఊరి పేరు కింద గీత గీస్తాను. పొడుగాటి అంకెలుంటే పైన అక్షరాల్లో రాసుకుంటాను. కాగితాలకున్న పిన్ను తీసేయాలి. చదివిన పేజీని తిప్పకూడదు, చప్పుడు కాకుండా పక్కకు జరపాలి. కాగితం గరగరను మైకు ఇట్టే పట్టేస్తుంది. ఈ అవస్థంతా వినేవాళ్లకు తెలియకూడదు. వాళ్లకు అందాల్సింది వార్త.

కంచుకంఠం జగ్గయ్యగారు సినిమాల్లో స్థిరపడకముందు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. హైదరాబాద్ దూరదర్శన్‌లో తెలుగు వార్తలు 1983లో శాంతిస్వరూప్‌గారితో మొదలయ్యాయి. టెలిప్రాంప్టర్ లేని రోజులవి. స్క్రిప్టును ముందే కంఠతా పట్టి, తలెత్తి మనవైపు చూస్తూ చెప్పేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూసినప్పుడు చాలామంది ఆ జ్ఞాపకశక్తినే తలుచుకున్నారు. నాకు అంతకన్నా గొప్పగా తోచేది ఆయన నిబ్బరం. ఏ వార్తకు ఎంత బాధపడాలో, ఎంత కోపం తెచ్చుకోవాలో ఆయన మనకు చెప్పలేదు. ఆ సంగతి మనకే వదిలేశారు.

ఇప్పటి యాంకర్ల కష్టం తక్కువేమీ కాదు. గంటల తరబడి లైవ్. చెవిలో ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్ (పీసీఆర్) నుంచి సూచనలు, ఎదురుగా ఒకరి మాటకు ఒకరు అడ్డొచ్చే అతిథులు, చేతిలో స్క్రిప్టు ఉండదు. రాసిచ్చింది చదవడం కన్నా అది కచ్చితంగా పెద్ద పనే. కానీ బస్సు ప్రమాదంలో పోయినవాళ్ల పేర్లు చెబుతూ గొంతులోకి వణుకు తెచ్చిపెట్టుకోవడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. ఆ దుఃఖం ఆ ఇంటివాళ్లది. మనవల్ల వాళ్లకు జరగాల్సిన మేలు ఒక్కటే: పేరు, ఊరు తప్పు లేకుండా పలకడం. ఇంటిపేరులో ఒక్క అక్షరం మారితే కబురు ఇంకో గుమ్మానికి చేరుతుంది.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను మొదట తుపాను బులెటిన్ ఇచ్చి చదవమంటాను. వాయుగుండం ఎక్కడుంది, ఎటు కదులుతోంది, ఏ ఓడరేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, ఏయే జిల్లాల్లో వాన. అందులో నాటకానికి చోటు లేదు. కరెంటు పోయిన ఇంట్లో ట్రాన్సిస్టర్ పెట్టుకుని కూర్చున్న మత్స్యకారుడికి తన జిల్లా పేరు ఒక్కసారి విన్నా స్పష్టంగా అందాలి. అందుకే జిల్లాకూ జిల్లాకూ మధ్య ఆగమంటాను. అంకె దగ్గర నెమ్మదించమంటాను. చాలామంది పరుగెత్తుతారు. మళ్లీ చదివిస్తాను.