యాకోబు 1:27లో “భక్తి”: ఒక అనువాద విమర్శ

యాకోబు 1:26, 27 వచనములలో మన సంఘాలు చదివే తెలుగు బైబిలు వాడిన మాట “భక్తి”. మూలమందలి గ్రీకు పదము “థ్రేస్కేయా”. దాని ప్రధానార్థము ఆంతర్యంలోని భక్తిభావము కాదు. ఆరాధన, ఆచారము, మతనిష్ఠ అనే బాహ్యరూపము. అపొస్తలుల కార్యములు 26:5లో అదే పదము “మతము” అయినది. కొలొస్సయులకు 2:18లో “ఆరాధన” అయినది. 2 తిమోతి 3:5లోనైతే “యూసెబేయా” అనే వేరొక పదము కూడ “భక్తి”గానే అనువదింపబడినది.

ఈ కలయికవలన యాకోబు మాటలోని పదును తగ్గినదని మేము భావిస్తున్నాము. ఆచారమును విడిచి హృదయములోనికి మళ్లుమని ఆయన చెప్పుట లేదు. శుద్ధాచారమునకు చెందిన “పవిత్రము”, “నిష్కళంకము” అనే మాటలనే తీసికొని, ఆ ఆరాధన జరుగవలసిన స్థలము విధవరాలి గడప అంటున్నాడు.

“పరామర్శించుట” అనే మాట కూడ నేడు పలుచబడినది. చావింటికి వెళ్లి రెండు మాటలు చెప్పి వచ్చుటే మనకు పరామర్శ. లూకా 1:68లో దేవుడు తన ప్రజలను విమోచింప వచ్చుటకు వాడబడినది ఇదే గ్రీకు క్రియ.

లోకమాలిన్యము అంటకుండుట అనే రెండవ భాగమునే ప్రసంగించి, ఉపవాసములను, కూటముల హాజరును బట్టి భక్తిని కొలిచే సంఘము సగము వచనమునే చదివినది. అట్లని, మనసు మంచిదైతే చాలుననువారికిని ఇక్కడ ఆశ్రయము లేదు. విధవరాలి పొలము గట్టు జరుపబడినప్పుడు ఆమె పక్షమున నిలుచుటయే ఆ దినపు ఆరాధన.