హంతకుని ముందే చూపిన కథకులు

అపరాధ పరిశోధన కథకు రహస్యమే ప్రాణమనియు, హంతకుడెవడో తుదిపుట వఱకు దాచియుంచుటయే కథకుని నేర్పనియు పాఠకలోకమున చిరకాలముగ పాతుకొనిన నమ్మకము కలదు. ఆ నమ్మకమును త్రోసిరాజని, కథారంభముననే హంతకుని ముఖమును, వాడు హత్య చేసిన తీరును, దానిని కప్పిపుచ్చుటకు పన్నిన పన్నాగమును ప్రేక్షకుని కన్నుల యెదుట పెట్టి, పిమ్మట గంటకు పైగా అతనిని కూర్చున్నచోటి నుండి కదలనీయని జంట రచయితలు అమెరికా టెలివిజను రంగమున ఉదయించిరి. వారు రిచర్డ్ లెవిన్‌సన్, విలియం లింక్. నలిగిన రెయిన్‌కోటుతో, ఆరిపోయిన చుట్టతో, పాత కారుతో తిరుగు లెఫ్టినెంటు కొలంబోను లోకమునకు ఇచ్చినవారు వారే.

లింకు 1933లోను, లెవిన్‌సను 1934లోను జన్మించిరి. ఇరువురిదియు ఫిలడెల్ఫియా ప్రాంతమే. బడియీడు బాలురుగా ఉన్నప్పుడే వారికి పరిచయమైనది. ఇద్దఱకును గారడీ విద్యయందును, అపరాధ పరిశోధన కథలయందును మక్కువ మెండు. ఆ సమానాభిరుచియే స్నేహమునకు మూలమయ్యెను. బడిలో ఉండగనే కలిసి వ్రాయ మొదలిడి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున చదువుచుండగ 1954లో ఎల్లరీ క్వీన్ పేరిట వెలువడు అపరాధ కథల పత్రికలో తమ కథను అచ్చులో చూచుకొనిరి. అది మొదలు లెవిన్‌సను మరణించు వఱకు ఆ కలములు విడిపోలేదు. బాల్యమున నేర్చిన గారడీని నేను ఊరక ప్రస్తావింపలేదు. ఒక చేతి వైపు చూపును మరల్చి రెండవ చేతితో పని నెఱవేర్చు ఆ విద్యయే వారి రచనలో సర్వత్ర కానవచ్చును.

కొలంబో ఒక్కనాడు పుట్టినవాడు కాడు. హంతకుని ముందుగా చూపు కథాపద్ధతిని ఆంగ్ల రచయిత ఆస్టిన్ ఫ్రీమన్ 1912 నాటికే తన కథాసంపుటమున ప్రయోగించియుండెను. నేరస్థుని మాటలతోనే చుట్టుముట్టు అధికారి పాత్రకు దొస్తొయెవ్‌స్కీ 'నేరము-శిక్ష'లోని పోర్ఫిరీ పెత్రోవిచ్చు మార్గదర్శి యయ్యెను. ఈ రెండింటిని మేళవించి మన జంట వ్రాసిన నాటిక 1960లో టెలివిజనున ప్రసారమైనది. అందు బెర్ట్ ఫ్రీడ్ అను నటుడు కొలంబో వేషము ధరించెను. దానినే పెంచి రంగస్థల నాటకముగ మలచగా 1962లో థామస్ మిచెల్ ఆ పాత్రను పోషించెను. 1968లో అది టెలివిజను చిత్రమగునప్పుడు బింగ్ క్రాస్బీని అడిగి, ఆయన ఒల్లకపోగా పీటర్ ఫాక్‌కు ఆ వేషము దక్కినది. నేడు లోకమెఱిగిన ఆ రెయిన్‌కోటు ఫాక్ తన యింటి నుండి తెచ్చుకొన్నదే.

హంతకుడెవడో తెలిసిపోయిన పిమ్మట ప్రేక్షకుడు ఎందులకు కూర్చుండవలెను? కృష్ణరాయబార నాటకము చూడబోవు మన పల్లెజనులలో సంధి పొసగదని యెఱుగనివాడు ఒక్కడైనను ఉండడు. అయినను తెల్లవార్లు మేల్కొని కూర్చుందురు. ఏమి జరుగునో తెలిసికొనుటకు కాదు. కృష్ణుడు ఆ మాటను ఏ తీరున పలుకునో, విన్నప్పుడు దుర్యోధనుని ముఖమున ఏ వికారము పొడసూపునో చూచుటకు. లెవిన్‌సన్, లింకులు పట్టుకొన్న కిటుకు ఇదియే. 'ఎవడు' అను ప్రశ్నను వదలుకొనుటచే 'ఎట్లు' అను ప్రశ్నకు బలము చేకూరినది. హంతకుని ప్రతి చిఱునవ్వు వెనుకనున్న అబద్ధము మనకు ముందే తెలియును గనుక, సామాన్యమైన కుశలప్రశ్నకు సైతము వాడు ఉలికిపడుట మన కంటబడును. అయితే కథకునికి ఇది కత్తిమీద సాము. తుదిని బయటపెట్టు పేరొకటి చేతనున్నప్పుడు నడుమ కథ పలుచబడినను చెల్లిపోవును. ఆ పేరును ముందే పారవేసినవానికి ప్రతి సంభాషణయు తన బరువును తానే మోయవలెను.

1968 నాటి చిత్రమునే చూడుడు. ఫ్లెమింగు అను మానసిక వైద్యుడు భార్య గొంతు నులిమి, ప్రియురాలికి భార్య వేషము వేయించి విమానమెక్కించి, అక్కడ తగవాడి ఆమె దిగిపోయినట్లు నలుగురికిని కనబడునట్లు నటింపజేసి, తాను విహారయాత్రకు వెడలిపోవును. తిరిగివచ్చిన నాడు తాళము తీసికొని యింటిలో అడుగిడును. అంతయు సహజముగనే యున్నట్లు తోచును. కాని గడప దాటిన ఆ మగడు భార్యను పేరుపెట్టి పిలువలేదు! ఇంటిలో ఆమె లేదని వానికి ముందే తెలియును. మనము ఆ దృశ్యమును చూచితిమి, పిలుపు లేకుండుటను మాత్రము వినలేదు, కొలంబో వినెను. జరిగినదానిలో గాక జరుగవలసి జరుగనిదానిలో ఆధారమును నాటుట ఈ రచయితల పరమ కౌశలము. ప్రేక్షకునకు ఏదియు దాచబడదు గనుక మోసపోయితినని అతడు అనజాలడు.

1972లో వారికి రచనకు ఎమ్మీ పురస్కారమును ఆర్జించిపెట్టిన 'డెత్ లెండ్స్ ఎ హ్యాండ్' అను కొలంబో కథ ఇంకను చక్కనిది. అందు హంతకుడు ఒక అపరాధ పరిశోధక సంస్థకు అధిపతి. కోపమున ఒక ప్రచురణకర్త భార్యను చేతితో కొట్టగా ఆమె పడి మరణించును. వాడు ఇల్లు శుభ్రపఱచి శవమును తరలించు కార్యమంతయు వాని కంటియద్దములలో ప్రతిబింబములుగ చూపబడును. నోటిమాట ఒక్కటియు లేదు. చచ్చినామె కంటిలోని కాంటాక్టు లెన్సు ఒకటి కనబడుటలేదని కొలంబో వాని చెవిని వేయును. అది తన కారు డిక్కీలో రాలియుండునని భయపడిన హంతకుడు, చెడిపోయి మరమ్మతు శాలలోనున్న ఆ కారును రాత్రివేళ వెదుకబోయి పట్టుబడును. నిజమునకు ఏ లెన్సును పోలేదు; కారును చెడగొట్టినదియు కొలంబోయే, పొగగొట్టములో బంగాళాదుంపను క్రుక్కి! ఇట్టి ముగింపులు కొన్ని న్యాయస్థానమున నిలుచునా యని శంకించువారు కలరు. ఆ శంక న్యాయమే. కాని నాటకమున నేరస్థుని ఓడింపవలసినది వాని అంతఃకరణమే యని నమ్మిన రచయితలకు ఆ లోపము క్షమింపదగినదని నా తలంపు.

సెలవు తీసికొని వాకిలి దాటబోవుచు తల గోకుకొని, "ఇంకొక్క సంగతి, అయ్యా" యని వెనుదిరుగు కొలంబో అలవాటు జగత్ప్రసిద్ధము. దాని పుట్టుక మాత్రము మిక్కిలి సామాన్యము. నాటకము వ్రాయునప్పుడు ఒక దృశ్యము అనుకొన్నదానికంటె ముందే ముగిసినది. కొలంబో అడుగవలసిన ప్రశ్న మిగిలిపోయినది. పుటలను తిరిగి టైపు చేయు ఓపిక లేక, వెడలినవానిని వెనుకకు పిలిచిరి. ఆ చిన్న సవరణలోని శక్తిని వెంటనే గుర్తించి పాత్రస్వభావముగ మార్చుకొనుట వారి ప్రతిభ. గండము గడచినదని హంతకుడు ఊపిరి పీల్చుకొను క్షణముననే ప్రశ్న వచ్చి తగులును.

వారు కొలంబోతో ఆగలేదు. 1967లో 'మ్యానిక్స్'ను, 1975లో 'ఎల్లరీ క్వీన్'ను, 1984లో పీటర్ ఫిషర్‌తో కలిసి 'మర్డర్, షీ రోట్'ను టెలివిజనుకు రూపొందించిరి. ఈ కడపటిది పండ్రెండు సీజనులు నడచినది. కొలంబో కథలు 2003 వఱకు అఱువది తొమ్మిది ప్రసారమయ్యెను. పురుషుని ప్రేమించు పురుషుని గూర్చి అమెరికా టెలివిజను అరుదుగా తప్ప నోరు మెదపని 1972లో, అట్టి తండ్రి తన కుమారుని ఎదుర్కొను గాథను 'దట్ సర్టెన్ సమ్మర్'గా సానుభూతితో వ్రాసిరి. మనుష్యుని హృదయమును ఇంతగ ఎఱిగినవారు గనుకనే వారి హంతకులు సైతము బొమ్మలు కాక మనుష్యులైరి.

లెవిన్‌సను 1987లో గుండెపోటుతో ఏబదిరెండేండ్లకే కన్నుమూసెను. లింకు 2020 డిసెంబరు వఱకు జీవించి, కొలంబోపై చిన్నకథల సంపుటమును కూడ వెలువరించెను. నేడు తెలుగున టెలివిజనుకును, వెబ్ సిరీసులకును అపరాధ గాథలు వ్రాయు యువకులకు నా విన్నపమొకటి: నెత్తురు, తుపాకి, నేపథ్య సంగీతపు హోరు వలదని నే ననను, అవి చేపట్టుటకు ముందు 'డెత్ లెండ్స్ ఎ హ్యాండ్'ను ఒకపరి కథకై చూచి, మఱియొకపరి కాగితము, కలము చేతబట్టి, ఏ ఆధారమును ఏ దృశ్యమున నాటిరో వ్రాసికొనుచు చూడుడు.