రాయిని నమిలి చూసే చదువు

మట్టిరాయి చేతికి దొరికితే మా భూగర్భ శాస్త్రం వాళ్లు ముందు చిన్న పలుకు గిల్లి పంటికింద వేసుకుంటారు. కరకరలాడితే అందులో ఒండ్రు ఉన్నట్టు. నున్నగా జారిపోతే అచ్చమైన బంకమట్టి. సిడ్నీ దగ్గరి పారమట్టాలో పునాదులు తవ్వేచోట బయటపడే యాష్‌ఫీల్డ్ షేల్ అనే మట్టిరాయిని నమిలే నేనీ విద్య నేర్చుకున్నాను. దాని కింద హాక్స్‌బరీ ఇసుకరాయి, ఇంకా లోతున పెర్మియన్ కాలపు బొగ్గు.

ఆ బొగ్గు వయసు మీద పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద తగువే నడిచింది. 1839లో ఇక్కడి కింగ్స్ స్కూల్‌కు హెడ్మాస్టరుగా వచ్చిన పాదిరి విలియం బ్రాన్‌వైట్ క్లార్క్ ఒకవైపు, మెల్‌బోర్న్ ప్రొఫెసర్ ఫ్రెడరిక్ మెకాయ్ ఇంకోవైపు. ఆకుల శిలాజాలు చూసి మెకాయ్ ఇది జురాసిక్ నాటిదన్నాడు. పొరల మధ్య అంతకంటే పాతకాలపు సముద్రపు గవ్వలున్నాయి, అవి చూడమన్నాడు క్లార్క్. చివరికి క్లార్క్ మాటే నెగ్గింది. ఆ ఆకుల్లో పేరున్నది గ్లాసాప్టెరిస్ అనే చెట్టుది. గోదావరి లోయలో మన బొగ్గు పుట్టిందీ ఆ చెట్ల కాలంలోనే.

పొరల చదువు బొగ్గుకే కాదు. భూమి లోపలి వేడితో కరెంటు తీసే జియోథర్మల్‌లో చేరదామని వచ్చే మన కుర్రాళ్లు, "వేడి గ్రానైట్‌లో కదన్నా ఉండేది, మనకీ పొరలెందుకు?" అంటారు. గ్రానైట్‌లోని యురేనియం, థోరియం, పొటాషియం వేడి పుట్టిస్తాయి, నిజమే. కానీ పైన షేల్, బొగ్గు గొంగళిలా కప్పి ఉంటేనే ఆ వేడి నిలుస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో ఇన్నమింక దగ్గర అలాంటి గ్రానైట్ కోసమే నాలుగు కిలోమీటర్లకు పైగా బావులు దించారు. 2013లో ఒక మెగావాట్ ప్లాంటు నడిపి చూపించారు. కరెంటు వచ్చింది, ఖర్చు మాత్రం గిట్టలేదు. 2016కల్లా మూసేశారు.

నాకు అంతకంటే మణుగూరు దగ్గరి పగిడేరు మీద మనసు. బొగ్గు కోసం వేసిన బోరులోంచి అక్కడ వేడినీళ్లు పొంగాయి. సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. ఆ నీళ్లు ఏ ఇసుకరాయిలోంచి వస్తున్నాయి, పైన ఏ పొర వాటిని అదిమి పడుతోంది, ఎన్నాళ్లు వస్తాయి? వీటికి జవాబు పొరలు చదివినవాడే చెప్పాలి.

అందుకే ఆ కుర్రాళ్లను సిడ్నీ శివార్లలోని లండన్‌డెర్రీలో, బోర్లలోంచి తీసిన రాతి కడ్డీలు ట్రేలలో దాచే, క్లార్క్ పేరు పెట్టిన కోర్ లైబ్రరీకి పొమ్మంటాను. ట్రేల ముందు కూర్చుని మీటరు తర్వాత మీటరు రాసుకుంటూ పొమ్మంటాను. విసుగు పుట్టించే పనే. కానీ పొర ఎక్కడ మారిందో, ఎందుకు మారిందో చెప్పగలవాడికి బొగ్గు గనులు మూతపడినా పనికి కరువుండదు.